పొటాషియం 7.4: మిషన్ తప్పా, ట్యూబు తప్పా?

ప్రశ్న: డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసి తిరుపతిలో ఒక చిన్న ల్యాబ్‌లో ట్రైనింగ్‌లో ఉన్నాను. సెమీ ఆటో ఎనలైజర్, ఒక ఎలక్ట్రోలైట్ మిషన్ ఉన్నాయి. ఏ టెస్టుకు ఏ ప్రోగ్రామ్ నొక్కాలో చూపించారు. రీడింగ్ వస్తుంది, రాసి ఇస్తాను. పోయిన వారం పాకాల వైపు కలెక్షన్ పాయింట్ నుంచి వచ్చిన ఒకాయన శాంపిల్‌లో పొటాషియం 7.4, క్యాల్షియం 5.1 వచ్చాయి. రెండోసారి పెట్టినా అవే. మనిషి చూస్తే బైక్ మీద వచ్చి రిపోర్టు తీసుకుని వెళ్లాడు. డాక్టరుగారు కోప్పడి మళ్లీ రక్తం తీయిస్తే పొటాషియం 4.3, క్యాల్షియం 9.2. ఇది మిషన్ తప్పా, నా తప్పా? బయోకెమిస్ట్రీ అసలు ఏ వరుసలో నేర్చుకోవాలి? కంట్రోల్ సీరం కొనమంటే మా సార్ 'కిట్‌లో స్టాండర్డ్ ఉంది కదా, అది చాలు' అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: మిషన్ తప్పు కాదు. రెండోసారి పెట్టినా అదే అంకె వచ్చిందంటే మిషన్ నిలకడగానే పనిచేస్తోంది. తప్పు శాంపిల్‌లో ఉంది. తప్పున్న శాంపిల్‌ను ఎన్నిసార్లు రన్ చేసినా అదే తప్పు వస్తుంది. 'అనుమానం వస్తే రిపీట్ పెట్టు' అనే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. దానివల్ల రీజెంట్ ఖర్చవుతుంది తప్ప అనుమానం తీరదు.

మీరు రాసిన రెండు అంకెలూ కలిపి చూస్తే కారణం దాదాపు తేలిపోతుంది. పొటాషియం బాగా పెరిగి, అదే సీరంలో (గడ్డకట్టిన రక్తం పైన తేరే పసుపు ద్రవంలో) క్యాల్షియం బాగా పడిపోతే ముందు అనుమానించాల్సింది ఈడీటీఏ. ఊదా మూత ట్యూబులో ఉండేది ఈడీటీఏ పొటాషియం లవణం. రక్తం గడ్డకట్టకుండా అది క్యాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎర్ర మూత ట్యూబులో రక్తం తక్కువ పడిందని ఊదా ట్యూబులోంచి కాస్త ఒంపినా, ఊదా ట్యూబుకు తగిలిన సూదితో ఆ తర్వాత ఎర్ర ట్యూబు నింపినా ఈ గొడవ వస్తుంది. ఆ పాత సీరం ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేసి చూడండి. ఆ ఎంజైముకు జింకు, మెగ్నీషియం కావాలి, వాటినీ ఈడీటీఏ లాగేస్తుంది. కాబట్టి అది కూడా అసాధారణంగా తక్కువ వస్తే ఇక సందేహం అక్కర్లేదు.

పొటాషియం దొంగగా పెరిగే దారులు ఇంకా ఉన్నాయి. వాటిలో క్యాల్షియం ఇలా కూలిపోదు. రక్తం హీమోలైజ్ అయితే, అంటే ఎర్రకణాలు పగిలితే, సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎర్రకణాల లోపల పొటాషియం బయటికంటే ఇరవై రెట్లకు పైగా ఉంటుంది. కణం పగిలితే అదంతా సీరంలోకి వస్తుంది, దాంతోపాటు ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు కూడా పెరుగుతాయి. సిరంజీతో తీసిన రక్తాన్ని సూది తీయకుండా మూతలోంచి బలంగా నెట్టడం దీనికి మామూలు కారణం. టోర్నికే (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటి ఉంచి, పిడికిలి ముడిచి తెరవమని పదేపదే చెప్పినా పొటాషియం పెరుగుతుంది. కంటికి కనబడనిది మరొకటుంది: సీరం వేరుచేయకుండా రక్తాన్ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టడం. చలికి కణాల మీది సోడియం-పొటాషియం పంపు మందగించి పొటాషియం బయటికి కారుతుంది, కణాలు మాత్రం పగలవు. సీరం శుభ్రంగా, పసుపుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కలెక్షన్ పాయింట్‌లో రక్తం తీసేవారికి ట్యూబుల వరుస ఒక కాగితం మీద రాసి గోడకు అంటించమనండి: నీలం మూత, తర్వాత ఎర్ర లేదా పసుపు మూత, ఆకుపచ్చ, ఊదా, చివర గ్రే. ఒక ట్యూబులోంచి మరో ట్యూబులోకి ఒంపకూడదని దాని కింద పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఇక నేర్చుకునే వరుస. మిషన్ దగ్గర కాకుండా ట్యూబు దగ్గర మొదలుపెట్టండి. ప్లెయిన్ ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి అరగంట ఇవ్వాలి. తొందరపడి ముందే తిప్పితే సీరంలో ఫైబ్రిన్ దారాలు మిగిలిపోతాయి. అవి పైపెట్ టిప్‌కు అడ్డుపడి పది మైక్రోలీటర్లు రావాల్సిన చోట ఆరో ఏడో వస్తాయి, ఎలక్ట్రోలైట్ మిషన్ గొట్టాన్నయితే మూసేస్తాయి. సెంట్రిఫ్యూజ్ మీద '3000 ఆర్‌పీఎం, 10 నిమిషాలు' అని అందరూ రాసిపెట్టుకుంటారు గానీ, పనిచేసేది తిరుగుడు ఒక్కటే కాదు, రోటర్ వ్యాసార్ధం కూడా. వ్యాసార్ధాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎం వర్గంతో గుణించి, దాన్ని 0.00001118తో గుణించండి. వచ్చేది జీ, అంటే భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో. 10 సెంటీమీటర్ల రోటర్ 3000 దగ్గర ఇచ్చేది సుమారు 1000 జీ, అది సరిపోతుంది. అదే 3000 దగ్గర 7 సెంటీమీటర్ల చిన్న సెంట్రిఫ్యూజ్ 700 జీ మాత్రమే ఇస్తుంది.

మన ఊళ్లో ఎండాకాలం సంగతి వేరుగా చెప్పుకోవాలి. పాకాల నుంచో పుత్తూరు నుంచో బ్యాగులో వచ్చే రక్తం గడ్డకట్టాక కూడా కణాలు గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలోనే గంటకు 5 నుంచి 7 శాతం షుగర్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం బైక్ డిక్కీలో ఉంటే ఇంకా ఎక్కువ. పరగడుపున 126 ఉన్న మనిషికి మూడు గంటల ఆలస్యంతో 105 చూపిస్తే, షుగర్ వ్యాధి ఉన్నవాడికి లేదని రిపోర్టు ఇచ్చినట్టే. షుగర్‌కు గ్రే మూత ట్యూబు వాడేది అందుకే. అందులోని ఫ్లోరైడ్ కూడా వెంటనే పనిచేయదు, మొదటి గంటా రెండు గంటల్లో కొంత తగ్గుదల ఉండనే ఉంటుంది. రక్తం పోయగానే ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయకపోతే ఫ్లోరైడ్ అడుగునే ఉండిపోతుంది. అన్నిటికంటే మంచిది కలెక్షన్ పాయింట్‌లోనే చిన్న సెంట్రిఫ్యూజ్ పెట్టి, సీరం వేరుచేసి, ఐస్ ప్యాక్ డబ్బాలో పంపించడం. వేరుచేయని రక్తానికి మాత్రం ఐస్ వద్దు, పొటాషియం సంగతి పైన చెప్పుకున్నాం కదా.

గ్రే ట్యూబులో మిగిలిన ప్లాస్మాతో యూరియా చేసేయడం చిన్న ల్యాబుల్లో పొదుపు కింద చెల్లుతోంది. అది పొదుపు కాదు. యూరియా కిట్ నడిచేది యూరియేజ్ ఎంజైముతో, ఫ్లోరైడ్ ఆ ఎంజైమును అణచివేస్తుంది. అంకె తక్కువ వస్తుంది. ఆ ట్యూబుల్లో చాలావాటిలో పొటాషియం ఆక్సలేట్ ఉంటుంది కాబట్టి పొటాషియం కూడా దాంతో చేయకూడదు.

పరగడుపు అనే మాటను కూడా నమ్మేయకండి. కాఫీ తాగితే తిన్నట్టు కాదనుకునేవారు, కొండ దిగి వస్తూ లడ్డూ ముక్క నోట్లో వేసుకుని 'ప్రసాదమే కదా' అనేవారు మన దగ్గర తక్కువేం కాదు. 'ఏమైనా తిన్నారా' అని కాకుండా 'చివరిసారి నోట్లో ఏం పడింది, ఎన్ని గంటలకు' అని అడగండి. షుగర్‌కు 8 గంటలు, ట్రైగ్లిజరైడ్స్‌కు 12 గంటలు చూసుకోవాలి. ఆసుపత్రి వార్డు నుంచి వచ్చే శాంపిల్‌కైతే అడగాల్సింది వేరు: సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే తీశారా? డెక్స్ట్రోజ్ ఎక్కుతున్న చేతి రక్తంలో షుగర్ 600 దాటి, సోడియం, పొటాషియం, క్యాల్షియం అన్నీ పలచబడి కనిపిస్తాయి.

ట్యూబు తర్వాత పైపెట్. గ్లూకోజ్ కిట్‌లో 1000 మైక్రోలీటర్ల రీజెంట్‌కు 10 మైక్రోలీటర్ల సీరం పోస్తాం. టిప్ బయటి గోడకు అంటుకున్న చిన్న బొట్టు ఒక్క మైక్రోలీటరే అనుకోండి, రీజెంట్‌కైతే అది లెక్కలోకి రాదు, సీరంలో మాత్రం 10 శాతం. అంటే 120 కాస్తా 132 అవుతుంది. అందుకని టిప్‌ను సీరంలో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి ముంచకండి, పైపెట్ నిటారుగా ఉండాలి, బొటనవేలు మెల్లగా వదలాలి, బయటికి తీశాక టిప్ చివర రంధ్రం తగలకుండా పక్కలు టిష్యూతో తుడవాలి. కొత్త టిప్‌ను ఒకసారి సీరంతో తడిపి వదిలి, రెండోసారి తీసుకున్నది వాడండి. పైపెట్ నిజంగా ఎంత ఇస్తుందో తూకం వేసి తెలుసుకోవచ్చు: 25 డిగ్రీల దగ్గర 1000 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్ 0.997 గ్రాములు తూగాలి. పదిసార్లు తూచి సగటు తీయండి. 10 మైక్రోలీటర్లను ఇలా తూచడానికి మామూలు త్రాసు పనికిరాదు. మీరు చదివిన కాలేజీ ల్యాబ్‌లో అనలిటికల్ బ్యాలెన్స్ ఉంటే అడగండి.

ఇప్పుడు టెస్టులు. గ్లూకోజ్, క్రియాటినిన్, ఎస్‌జీపీటీ (కాలేయపు ఎంజైము), ఈ మూడూ ఇదే వరుసలో పట్టుకోండి. సెమీ ఆటోలో ఉండే మూడు కొలత పద్ధతులూ ఈ మూడింటిలో వచ్చేస్తాయి. మిగతావి చాలావరకు వీటి వేషాలే.

గ్లూకోజ్ ఎండ్ పాయింట్ పద్ధతి. 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే గులాబీ రంగు పూర్తిగా వచ్చి నిలబడుతుంది, 505 నానోమీటర్ల దగ్గర చదువుతాం. కొన్నాళ్లు ప్రోగ్రామ్ నొక్కకుండా అబ్సార్బెన్స్ (రంగు ఎంత వెలుగును పీల్చుకుందో చెప్పే అంకె) మోడ్‌లో పెట్టి లెక్క మీరే చేయండి. బ్లాంక్‌తో (సీరం కలపని రీజెంట్‌తో) సున్నా చేశాక 100 స్టాండర్డ్ (విలువ తెలిసిన ద్రావణం) 0.250 చదివింది, పేషెంటు సీరం 0.310 చదివింది అనుకోండి. 0.310ని 0.250తో భాగించి 100తో గుణిస్తే 124. ఇంతే, మిషన్ లోపల జరిగేదీ ఇదే. కానీ చేత్తో చేసినప్పుడు మీకు మూడు అంకెలు కనిపిస్తాయి, ప్రోగ్రామ్‌లో ఒక్కటే కనిపిస్తుంది. నిన్న 0.250 ఉన్న స్టాండర్డ్ ఇవాళ 0.190 అయితే రీజెంట్ పాడవుతోందో, స్టాండర్డ్ సీసా మూత తీసి వదిలేశారో, పైపెట్ జారిందో ఏదో ఒకటి జరిగింది. ప్రోగ్రామ్ ఆ 0.190నే 100 అనుకుని అందరి షుగర్లనూ లెక్కగట్టేస్తుంది, ఏమీ ఎరగనట్టు. బ్లాంక్, స్టాండర్డ్ అబ్సార్బెన్స్‌లను రోజూ ఒక నోటుబుక్కులో రాయండి. రీజెంట్ తనంతట తనే గులాబీ రంగుకు తిరుగుతుంటే బ్లాంక్ అంకె రోజురోజుకూ పెరుగుతూ చెబుతుంది. దాని హద్దు కిట్‌లోని కాగితంలో ఉంటుంది. ఆ కాగితాన్ని అట్టపెట్టెతోపాటు పారేయకండి.

షుగర్ కిట్ హద్దు దాటితే, చాలా కిట్లకు అది 500 దగ్గర ఉంటుంది, సీరం ఒక పాలు, నార్మల్ సెలైన్ ఒక పాలు కలిపి మళ్లీ చేసి రెండుతో గుణించండి. 500 పైన మిషన్ చూపించిన అంకెను అలాగే రాసి ఇవ్వకూడదు.

క్రియాటినిన్‌లో ఆట మారుతుంది, ఇది ఫిక్స్‌డ్ టైమ్ పద్ధతి. జాఫే పద్ధతిలో పిక్రేట్ (రీజెంట్‌లోని పిక్రిక్ ఆమ్లం) ఒక్క క్రియాటినిన్‌తోనే కలవదు. షుగర్ రోగుల్లో వచ్చే అసిటోఅసిటేట్ లాంటివి త్వరగా కలుస్తాయి, ప్రొటీన్లు నిదానంగా కలుస్తాయి. ఆ రెండింటికీ మధ్య ఉన్న కొద్దిపాటి వ్యవధిలో కొలుస్తాం కాబట్టే 'కలిపిన 30 సెకన్లకు ఒక రీడింగ్, మరో 60 సెకన్లకు రెండో రీడింగ్' లాంటి నియమం పెట్టారు. సెకన్లు ఒక్కో కిట్‌కు ఒక్కోలా ఉంటాయి. స్టాండర్డ్ 2 మి.గ్రా. అనుకుందాం. దాని రెండు రీడింగుల తేడా 0.060, పేషెంటుది 0.033 వస్తే 1.1. తేడాలు ఇంత చిన్నవి కాబట్టి, సీరం పోశాక పక్కవాళ్లతో ఒక మాట మాట్లాడి పది సెకన్లు ఆలస్యంగా ఆస్పిరేట్ చేస్తే (మిషన్‌లోకి పీలిస్తే) అంకె మారిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రీజెంట్‌ను 37 డిగ్రీలకు రానివ్వకుండా వాడినా అంతే, స్టాండర్డ్ చల్లగా, పేషెంటు వెచ్చగా నడిస్తే లెక్క ఎలా కుదురుతుంది? ఒక్కొక్క ట్యూబే కలిపి, ఒక్కొక్కటే చదవండి. పది ట్యూబుల్లో వరసగా సీరం పోసుకుంటూ పోయి తర్వాత చదవడం ఎండ్ పాయింట్‌కే చెల్లుతుంది.

కామెర్ల రోగికి ఈ పద్ధతిలో క్రియాటినిన్ తక్కువ రావచ్చు, కీటోన్లు ఎక్కువున్న షుగర్ రోగికి ఎక్కువ రావచ్చు. ఇలాంటి సీరం వస్తే రిపోర్టు కింద ఒక ముక్క రాయండి, లేదా ఎంజైమాటిక్ పద్ధతి ఉన్న ల్యాబ్‌కు పంపండి. పిక్రిక్ ఆమ్లం ఎండిపోతే పేలే స్వభావం ఉన్నది, సీసా మూత చుట్టూ పసుపు పొడి పేరుకోనివ్వకండి.

ఎస్‌జీపీటీ కైనెటిక్. ఇక్కడ రంగు పుట్టదు, 340 నానోమీటర్ల దగ్గర రీజెంట్‌లోని ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం తగ్గిపోతుంటే ఆ తగ్గే వేగాన్ని కొలుస్తాం. స్టాండర్డ్ ఉండదు, ఫ్యాక్టర్ (ఆ వేగాన్ని గుణించాల్సిన అంకె) ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మీకు అవసరం. 1000 మైక్రోలీటర్ల రీజెంట్, 100 మైక్రోలీటర్ల సీరం కలిస్తే మొత్తం 1100. దాన్ని సీరం పరిమాణం 100తో భాగిస్తే 11. 11ని 1000తో గుణించి, ఎన్‌ఏడీహెచ్ గుణకం 6.22తో భాగిస్తే 1768. కొన్ని కిట్లు 6.3 తీసుకుని 1746 అని వేస్తాయి. నిమిషానికి అబ్సార్బెన్స్ 0.020 చొప్పున తగ్గితే ఎస్‌జీపీటీ 35. ఇప్పుడు ఒక సంగతి గమనించండి: రీజెంట్ పొదుపు కోసం 500కు 50 తగ్గిస్తే నిష్పత్తి అదే కాబట్టి ఫ్యాక్టర్ మారదు. 500కు 100 పోస్తే మారుతుంది, 6ను 1000తో గుణించి 6.22తో భాగిస్తే 965. పాత ప్రోగ్రామ్‌లో కొత్త పరిమాణాలు పోసి పాత ఫ్యాక్టర్‌తోనే రిపోర్టులిచ్చే ల్యాబులుంటాయి. మీ దగ్గర ఎలా ఉందో ఇవాళే చూసుకోండి.

ఈ టెస్టులో భయపడాల్సిన తప్పు మరొకటి. కాలేయం బాగా దెబ్బతిన్న మనిషిలో ఎస్‌జీపీటీ వేలల్లో ఉంటుంది. అలాంటి సీరం పోయగానే, మిషన్ కొలత మొదలుపెట్టే లోపే ఎన్‌ఏడీహెచ్ అంతా అయిపోతుంది. ఇక తగ్గడానికి ఏమీ ఉండదు కాబట్టి మిషన్ 20 అనో 12 అనో చూపిస్తుంది. సీరం చిక్కటి పసుపుగా ఉండి ఎస్‌జీపీటీ ముద్దుగా నార్మల్ వస్తే మొదటి అబ్సార్బెన్స్ చూడండి. రీజెంట్ ఒక్కటే చదివితే 1.0 పైన ఉండాల్సింది 0.3 దగ్గర మొదలైందంటే సంగతి అదే. ఒక పాలు సీరానికి తొమ్మిది పాళ్లు సెలైన్ కలిపి మళ్లీ చేసి పదితో గుణించండి. గ్రాఫ్ చూపించే మిషనైతే గీత తిన్నగా ఏటవాలుగా దిగుతోందా, మధ్యలో వంగి చదునైపోతోందా అని ప్రతి ఎంజైముకూ చూడటం అలవాటు చేసుకోండి.

మిషన్ గురించి కొద్దిగా. ఆన్ చేసి 15, 20 నిమిషాలు ల్యాంప్ వేడెక్కనివ్వండి. ల్యాంప్ ముసలిదైతే ముందు చెడేది 340 దగ్గరే, ఎందుకంటే హాలోజన్ ల్యాంప్‌కు అక్కడ వెలుగే తక్కువ. షుగర్లు బాగానే వస్తూ ఎస్‌జీపీటీలు మాత్రం ఊగుతుంటే ల్యాంపును అనుమానించండి. మార్చేటప్పుడు గాజును వట్టి వేళ్లతో తాకకండి. ఫ్లో సెల్‌లో (మిషన్ లోపల ద్రవాన్ని చదివే చిన్న గదిలో) గాలి బుడగ ఉంటే అబ్సార్బెన్స్ ఉన్నట్టుండి ఎగురుతుంది. 400 షుగర్ తర్వాత వచ్చే శాంపిల్‌కు ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడగకపోతే దాని రంగు దీనికి అంటుకుంటుంది. బోరు నీళ్లతో కడిగిన గాజు ట్యూబుల్లో క్యాల్షియం టెస్టు చేయకండి. కరెంటు పోయి వస్తే 37 డిగ్రీలకు మళ్లీ చేరేదాకా ఏ కైనెటిక్కూ పెట్టకండి.

చివరగా మీ సార్ మాట. స్టాండర్డ్ చాలదు. స్టాండర్డ్ నీళ్లలో కరిగించిన గ్లూకోజ్, అది మిషన్‌కు 'ఇది 100' అని చెప్పడానికి. చెప్పింది సరిగా అర్థమైందో లేదో తేల్చేది కంట్రోల్. అది సీరం లాంటిదే, ప్రొటీనూ కొవ్వూ ఉన్నది, విలువ ముందే తెలిసినది. ఎస్‌జీపీటీకి స్టాండర్డే లేదు, మరి దాన్ని దేనితో సరిచూస్తారని అడగండి, మర్యాదగానే.

కంట్రోల్ పొడి సీసాలో ఎంత నీరు పోయమన్నారో అంత, 5 ఎమ్‌ఎల్ అయితే సరిగ్గా 5 ఎమ్‌ఎల్, వాల్యూమెట్రిక్ పైపెట్‌తో పోయాలి. సిరంజీతో పోస్తే మొదటి రోజే లెక్క తప్పుతుంది. కుదపకుండా మెల్లగా తిప్పి, అరగంట ఉంచి, చిన్న వయల్స్‌లో పంచి మైనస్ 20లో పెడితే ఖర్చు తగ్గుతుంది. ఒకసారి కరిగించినది మళ్లీ గడ్డకట్టించకూడదు. బిలిరుబిన్ కోసం వయల్స్‌కు వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టండి.

20 రోజుల విలువలు వచ్చాక సగటు, ఎస్‌డీ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) మీ ల్యాబ్‌వే లెక్కగట్టండి. గ్లూకోజ్ సగటు 96, ఎస్‌డీ 3 అనుకుంటే 90 నుంచి 102 వరకూ మామూలు, 87 కంటే తక్కువో 105 కంటే ఎక్కువో వస్తే ఆ రోజు రిపోర్టులు ఆపాలి. లెవీ-జెన్నింగ్స్ గ్రాఫ్ (రోజువారీ కంట్రోల్ విలువల గ్రాఫ్) మీద చుక్కలు పెట్టుకుంటూ పోండి. కంట్రోల్ అంకెను ఎప్పుడు తిరస్కరించాలో వెస్ట్‌గార్డ్ 1981లో ఇచ్చిన నియమాలన్నీ మొదట్లోనే బట్టీ పట్టక్కర్లేదు. ఒకటి 3 ఎస్‌డీ దాటడం, వరుసగా రెండు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటడం, వరుసగా పది సగటుకు ఒకే పక్కన ఉండటం, ఈ మూడు చాలు. మొదటిది ఎక్కువసార్లు చెయ్యి జారడం, బుడగ లాంటిది. మిగతా రెండూ రీజెంట్, ల్యాంప్, స్టాండర్డ్ నెమ్మదిగా పక్కకు జరగడం. కంట్రోల్ తప్పితే బాగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ పెట్టి మంచి అంకెను మాత్రమే రాసుకోవడం కొన్నిచోట్ల ఉంటుంది. అలా చేసేకంటే కంట్రోల్ కొనకపోవడమే నయం, డబ్బయినా మిగులుతుంది.

మీ సార్ ఇంకా కొననంటే తాత్కాలికంగా ఒక మార్గం ఉంది. హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) నెగటివ్ అని తేలిన, హీమోలైజ్ కాని, పాలలా లేని మిగులు సీరాలను కలిపి, వడగట్టి, వయల్స్‌లో మైనస్ 20లో పెట్టి రోజూ ఒకటి చేయండి. దాని నిజమైన విలువ మీకు తెలియదు కాబట్టి మీ అంకె సరైనదో కాదో అది చెప్పదు, నిన్నటికీ ఇవాళ్టికీ మారిందో లేదో మాత్రం చెబుతుంది. సరైనదా అన్నది తేలాలంటే బయటి పోలిక కావాలి. దానికి మనం దూరం పోనక్కర్లేదు, చిత్తూరు పక్కనే వేలూరు సీఎంసీ వాళ్లు క్లినికల్ బయోకెమిస్ట్రీకి బయటి నాణ్యతా పరీక్షల పథకం నడుపుతున్నారు. చేరిన ల్యాబులకు విలువ తెలియని శాంపిళ్లు వస్తాయి, చేసి పంపితే మిగతా ల్యాబులతో పోల్చి మీ స్థానం చెబుతారు. కొత్త ఏడాదికి ఎప్పుడు చేర్చుకుంటారో కనుక్కుని, ఆ వివరాలతోపాటు మీ నోటుబుక్కులోని స్టాండర్డ్ అబ్సార్బెన్స్‌ల పేజీ కూడా మీ సార్ ముందు పెట్టండి.